మా ఇంటి లాటిను

మొన్న పొద్దున్నే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పడింది. "పెద్దన్నయ్య ఆసుపత్రి చిన్నబ్బాయి కారు." అంతే, ఇంకో మాట లేదు. పంపిన వదినగారు ఫోను పక్కన పడేసి ఏ పనిలోనో పడిపోయారు. ఇక చూడండి, ఎవరు పడ్డారు, ఎవరు గుద్దారు, కారు ఏమైంది అంటూ ఒకరికొకరు ఫోన్లు చేసుకుని, ఎవరికి తోచిన ప్రమాదం వాళ్ళు తయారుచేసుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "ముందు క్రియ ఏదో చెప్పు తల్లీ, తర్వాత ఏడుస్తాం" అని రాశాను. చివరికి తేలిందేమిటంటే, చిన్నబ్బాయి కొత్తగా కొన్న కారులో మా పెద్దన్నయ్యని కళ్ళు చూపించడానికి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడట. కళ్ళలో మందు వేయించుకుని కూర్చున్న ఆ పెద్దన్నయ్యే కాసేపటికి నేను రాసింది చదివించుకుని గ్రూపులో మాట్లాడాడు. "తాతయ్య బతికొచ్చారర్రా" అని ఒకటే నవ్వు.

బతికి రావడమేం, ఆయన నన్ను వదిలింది ఎప్పుడు కనక? ఇప్పటికీ కరెంటు బిల్లు చూసినా, గుడి గోడ మీద రాత చూసినా ముందు క్రియ వెతుక్కుంటాను. ఆ అలవాటు ఎలా అంటుకుందో తలుచుకుంటే కొత్తపేట దగ్గర మా ఊరూ, కాలవ గట్టూ, ఆ ఒక్క ఏడాదీ కళ్ళ ముందుకొస్తాయి.

మా తాతయ్య దగ్గర ఏ శ్లోకాన్నీ మొదటి మాట నుంచి చదువుకుంటూ పోవడానికి వీల్లేదు. పుస్తకం ముందు పెట్టుకుని నోరు మూసుకుని కూర్చోవాలి. ఒక్కో మాట చివర చూసి ఇది ఏ విభక్తి, ఏ వచనం అని తేల్చుకోవాలి. తర్వాత క్రియ ఎక్కడ దాక్కుందో పట్టుకోవాలి. అది దొరికాక దాన్ని అడగాలి. ఎవరు? ఎవరిని? దేనితో? ఎక్కడ? ఒక్కో ప్రశ్నకి ఒక్కో మాట జవాబుగా వచ్చి, అన్నీ తమ తమ పీటల మీద కూర్చున్నాక అప్పుడు గొంతెత్తి చదవాలి. తొందరపడి ముందే అర్థం చెప్పేసినవాడికి తొడపాశం. చెప్పిన అర్థం సరైనదే అయినా సరే, తొడపాశం తప్పదు. తెలిసి చెప్పలేదు కాబట్టి అది తప్పేనని ఆయన లెక్క.

ఈ పద్ధతి పుస్తకాలతో ఆగేది కాదు. భోజనాల దగ్గర పెద్దన్నయ్య "పెరుగు" అంటే తాతయ్య గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయేవారు. పెరుగుకి ఏమైంది? ఎవరికి కావాలి? ఎవరు వెయ్యాలి? మా పెదనాన్నగారి అబ్బాయిలైన పెద్దన్నయ్యా, చిన్నన్నయ్యా అమలాపురంలో చదువుకుంటూ సెలవులకి మా దగ్గరికి వచ్చేవారు. ఒకరోజు వాళ్ళు కసికొద్దీ "ఓ తాతయ్యా, ఆకలితో ఉన్న నాకు, నీ చేతితో, ఆ కుండలో నుంచి, ఈ ఆవు యొక్క పెరుగును వెయ్యవలసింది" అని రాగం తీశారు. తాతయ్య కోప్పడకపోగా అన్ని విభక్తులూ వచ్చాయని మురిసిపోయి రెండు గరిటెలు ఎక్కువ వేశారు. వాళ్ళ ఎత్తు పారలేదు కానీ పొట్టలు మాత్రం నిండాయి.

నేను తాతయ్య ఇంట్లోనే ఉండి చదువుకునేదాన్ని. మా నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. సెలవుల్లో అన్నయ్యలిద్దరికీ తాతయ్య పొద్దున్నే అరుగు మీద శబ్దాలు చెప్పేవారు. రామః, రామౌ, రామాః. వాళ్ళు ఆవులింతల మధ్య వల్లించేవారు. నాకేమో అక్కడ కూర్చోవాలని ప్రాణం కొట్టుకుపోయేది. ఒకే మాట తోక మార్చుకుని ఇన్ని పనులు ఎలా చేస్తుందా అని ఒకటే వింతగా ఉండేది. కానీ నేను ఆ చాప మీదికి రాకూడదు. ఎందుకంటే అది మా ఇంటికి అచ్చిరాదు.

ఈ అచ్చిరాకపోవడం అనేది శాస్త్రంలో ఎక్కడా ఉండదు. ఒక్కో ఇంటికి ఒక్కోటి. మా ఇంటికి కుక్క అచ్చిరాదు, పెరట్లో మునగచెట్టు అచ్చిరాదు, బుధవారం నాడు కొత్త ఆవకాయ తియ్యడం అచ్చిరాదు. ఎవరో ఎప్పుడో మునగచెట్టు వేస్తే ఎవరికో జ్వరం వచ్చి ఉంటుంది. అలాగే, మా ఇంట్లో ఆడపిల్లకి శబ్దాలు చెప్పడం అచ్చిరాదు. ఆ మాటకి కారణం మాత్రం మా కళ్ళ ముందే, మా ఇంట్లోనే తిరుగుతూ ఉండేది. ఆవిడ మా మేనత్త.

అత్తయ్య చిన్నప్పుడు అన్నలతో పాటు కూర్చుని చదువుకుందట. అన్నలు వెనకబడ్డారు, ఈవిడ ముందుకు పోయింది. తాతయ్యకి అదే ముచ్చట. పదిహేనో ఏట రాజోలు వైపు సంబంధం చూసి పెళ్ళి చేశారు. ఏడాది తిరక్కుండా మామయ్య విషజ్వరంతో పోయాడు. అప్పుడు ఆ ఇంటి పెద్దావిడ ఎవరో, ఆడపిల్లకి శబ్దాలు నేర్పిన ఇంటి నుంచి పిల్లని తెచ్చుకుంటే ఇంతేనని నలుగురిలో అందట. నాన్నమ్మ ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చింది, ఇక వదల్లేదు. తాతయ్య ఎంత పెద్ద పండితుడైనా ఆ మాట కొట్టెయ్యలేకపోయారు. శాస్త్రమైతే శాస్త్రంతో వాదిస్తారు, అచ్చిరాదన్న దానితో ఏం వాదిస్తారు? ఆ రోజు నుంచి అత్తయ్య నోట సంస్కృతం ముక్క ఎవరూ వినలేదు. అన్నయ్యలు అరుగు మీద వల్లిస్తుంటే ఆవిడ పని ఏదీ లేకపోయినా పెరట్లోకి వెళ్ళిపోయేది. రేడియోలో సంస్కృత వార్తలు వస్తే గడ్డి వెయ్యడానికని ఆవుల సావిట్లోకి నడిచేది. ఆవులు కూడా ఆ వేళకి గుమ్మం వైపు చూడటం మరిగాయి.

నేను చెప్పే ఆ ఏడాది వేసవిలోనే మా అరుగు మీదికి ఫాదరుగారు వచ్చారు. కాలవ అవతల పేటలో చిన్న చర్చి ఉండేది. ఆయన ఆ చర్చికి పెద్ద. సన్నగా, పొడుగ్గా, తెల్లటి నిలువు అంగీతో, సైకిలు తొక్కేటప్పుడు ఆ అంగీ చక్రంలో పడకుండా నడుం దగ్గర దోపుకుని వచ్చేవారు. అసలు ఊరు గుంటూరు వైపు. మొదటిరోజు అరుగు కింద నిలబడి వచ్చిన పని చెప్పారు. పూర్వం పూజలన్నీ లాటిను భాషలో చేసేవారట. కొన్నేళ్ళ క్రితం అంతా తెలుగులోకి మార్చేశారట. ఆ తెలుగు ప్రార్థనల్లో ఇంతింత సమాసాలున్నాయి, చదువుతున్నాను గానీ నాకే అర్థం కావడం లేదు, కాస్త సంస్కృతం చెప్పండి శాస్త్రిగారూ అని అడిగారు.

తాతయ్య ఆయన్ని పైకి రమ్మని బల్ల చూపించారు. నాన్నమ్మ కాఫీ పంపింది, ఒక గాజుగ్లాసులో. ఆ గ్లాసు ఆ తర్వాత అరుగు గూట్లోనే ఆయన కోసం విడిగా ఉండిపోయింది. తాగాక ఆయనే కడిగి బోర్లించి వెళ్ళేవారు. అప్పుడు నాకది మామూలుగానే కనపడింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తాతయ్య తన పద్ధతి మొదలుపెట్టారు. నోరు మూసుకోవాలి, తోకలు చూడాలి, క్రియని పట్టుకోవాలి. చెబుతుండగానే ఫాదరుగారి ముఖం విప్పారిపోయింది. ఫాదర్లని తయారుచేసే మా సెమినరీలో లాటిను కూడా అచ్చం ఇలాగే చెప్పారండీ అన్నారు. వాళ్ళ గురువు కూడా పుస్తకం మీద అరచెయ్యి పెట్టి, ఏ మాట ఏ విభక్తో చెప్పేదాకా చెయ్యి తీసేవాడు కాదట. తొడపాశానికి బదులు బెత్తం. అంతే తేడా.

తాతయ్య కుర్చీలో ముందుకు జరిగారు. ఆయనకి కుతూహలం పుడితే చెవులు కదిలేవి, నిజంగానే. ఆ భాషకి విభక్తులున్నాయా? ఎన్ని? ఆరండీ. ఆరేనా, మరి తృతీయ? లేదండీ, పంచమే ఆ పని కూడా చేస్తుంది. సప్తమి? అదీ ఎక్కువగా పంచమే చేస్తుంది. "పాపం, ఒక్కడి మీదే ఎంత భారం వేసేరండీ" అని తాతయ్య నిజంగా జాలిపడ్డారు. ద్వివచనం లేదని విన్నప్పుడైతే నమ్మలేకపోయారు. రెండు కళ్ళున్నాయి, రెండు చేతులున్నాయి, ఆలూమగలున్నారు, వాళ్ళని వెయ్యిమందితో కలిపి ఒకే వచనంలో ఎలా తోసేస్తారని అడిగారు. ఫాదరుగారు తన తప్పేమీ లేదన్నట్టు చేతులు చూపించారు. ఆ సాయంత్రమే ఒప్పందం కుదిరిపోయింది. ఒకరోజు ఆయనకి సంస్కృతం, మర్నాడు తాతయ్యకి లాటిను. డెబ్భై ఏళ్ళ వయసులో తాతయ్య పలకా బలపం తీశారు.

లాటిను రోజున నేను స్తంభం పక్కన చేరి కూర్చున్నాను. నాన్నమ్మ చూసి లోపలికి పిలిచింది. తాతయ్య తల తిప్పకుండానే అన్నారు:

"మనకి అచ్చిరానిది సంస్కృతం కదా. ఇది లాటిను."

నాన్నమ్మ చేటలో బియ్యం ఏరుతూ చాలాసేపు ఆలోచించింది. ఎటు తిప్పి చూసినా ఆయన అన్నదాంట్లో తప్పు కనపడలేదు కాబోలు. చివరికి ఒక్క ప్రశ్న వేసింది.

"దానివల్ల ఎవరికైనా ఏవైనా అయ్యిందా, ఎక్కడైనా?"

"ఈ గోదావరి జిల్లాల్లో ఇంతవరకూ ఎవరికీ ఏం కాలేదు" అన్నారు తాతయ్య గంభీరంగా.

నాన్నమ్మ షరతులు పెట్టింది. గడప బయటే చదవాలి. దేవుడి గదిలో ఆ మాటలు అనకూడదు. అయ్యాక కాళ్ళూ చేతులూ కడుక్కుని మరీ లోపలికి రావాలి. నేను అన్నిటికీ ఆయ్ అన్నాను. ఆ క్షణంలో నన్ను కాలవలో మూడు మునకలు వెయ్యమన్నా వేసేదాన్నే.

అలా మా ఊళ్ళో పట్టుమని పదేళ్ళు లేని పిల్లకి లాటిను శబ్దాలు మొదలయ్యాయి. మా ఇంట్లో ఏది నేర్చినా సంత పద్ధతే. గురువు ఒకసారి అంటే శిష్యులు రెండుసార్లు అనాలి, స్వరం తప్పకూడదు. ఫాదరుగారు "రోజా" అనగానే తాతయ్యా నేనూ మెడలు ఊపుతూ "రోజా, రోజా" అనేవాళ్ళం. రోజా, రోజే, రోజే, రోజాం. ఫాదరుగారు మొదట్లో నవ్వు ఆపుకోలేకపోయేవారు. పువ్వు పేరుని ఇంత భక్తిగా అనడం సెమినరీలో కూడా వినలేదన్నారు. తర్వాత ఆయన కూడా మెడ ఊపడం మొదలుపెట్టారు.

తెలిసిన మాట ఏదైనా కనపడిందా, తాతయ్యకి ఇక పండగే. వాళ్ళు మాతెర్ అంటారు, మనం మాతా అంటాం. వాళ్ళు సున్త్ అంటారు, మనం సంతి. వాళ్ళ దేయుస్, మన దేవః. పనసతొనల వాసన గుప్పుమనే ఆ మధ్యాహ్నాల్లో ఇద్దరు ముసలాళ్ళు ఒక్కో మాటా పట్టుకుని, ఇది మీ ఇంటిదా మా ఇంటిదా అని మురిసిపోతుండేవారు. తప్పిపోయిన మేనత్త కూతురు ఎక్కడో దేశం కాని దేశంలో దొరికినట్టు ఉండేది తాతయ్యకి. నాకు మాత్రం ఒక్కటే ప్రశ్న. అంత దూరంలో ఉన్నవాళ్ళు మన మాటలు ఎలా వినగలిగారు?

ఒక శుక్రవారం నేను పెరటి గుమ్మంలో కనకాంబరాలు మాల కడుతూ శబ్దం వల్లించుకుంటున్నాను. ఎదురింటి మామ్మగారు పసుపుకుంకాలకి వచ్చి కాసేపు కళ్ళు మూసుకుని విన్నారు. స్తోత్రం చాలా బావుంది, ఏ అమ్మవారిదని అడిగారు. నాన్నమ్మ ఏమాత్రం తడుముకోకుండా, అది పుస్తకాల్లో ఉండదండీ, గురువు దగ్గర నేర్చుకోవాల్సిందే అంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మామ్మగారు తమ మనవరాలిని కూడా పంపిస్తానన్నారు. ఆవిడ వెళ్ళాక నాన్నమ్మ వంటింట్లో నవ్వుకోవడం నేను చూశాను. అత్తయ్య కూడా నవ్వింది, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

అత్తయ్య సంగతి నేను గమనించింది అప్పుడే. సంస్కృతం రోజున ఆవిడ మామూలుగా ఆవుల దగ్గరికి వెళ్ళిపోయేది. లాటిను రోజున మాత్రం వెళ్ళేది కాదు. గడప లోపల, గోడకి చేరబడి పనసపొట్టు కొట్టేది, లేకపోతే ఒత్తులు చేసేది. ఆ మాటలు ఆవిడ మీద ఏ నిందా వెయ్యలేదు మరి. ఒత్తి చేస్తున్న వేళ్ళు ఉన్నట్టుండి ఆగిపోయేవి. ఫాదరుగారు ప్రశ్న వేసి నేను నీళ్ళు నములుతున్నప్పుడు ఆవిడ పెదవులు కదిలేవి. శబ్దం బయటికి వచ్చేది కాదు.

సెలవులైపోయి అన్నయ్యలు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఫాదరుగారి సైకిలు బెల్లు మూత విప్పి అందులో చింతపండు కూరి మరీ వెళ్ళారు. వానలు పట్టాయి. కాలవ నిండుగా, ఎర్రగా పారుతోంది. ఒకరోజు తాతయ్య పి.గన్నవరంలో ఎవరింటికో తద్దినానికి భోక్తగా వెళ్ళి ఇంకా రాలేదు. నాన్నమ్మ నిద్రపోతోంది. ఫాదరుగారు వచ్చి, శాస్త్రిగారు వచ్చేలోగా నీ పాఠం చూద్దామని పలక మీద తెలుగు అక్షరాల్లో ఒక వాక్యం రాసి పైకి చదివారు. అగ్రికొలాం నౌతా విదెత్. అగ్రికొలా అంటే రైతు, నౌతా అంటే పడవవాడు, విదెత్ అంటే చూస్తున్నాడు. మూడు మాటలూ తెలిసినవే. నేను సంబరంగా, రైతు పడవవాణ్ణి చూస్తున్నాడని చెప్పేశాను. ఫాదరుగారు తల అడ్డంగా ఊపారు. నేను మళ్ళీ అదే చెప్పాను, ఇంకాస్త గట్టిగా.

"తోక చూడకుండా ఉరుకుతావేవే? క్రియని అడుగు ముందు. చూసేది ఎవరు?"

గొంతు గడప లోపలి నుంచి వచ్చింది. నేను వెనక్కి తిరిగి చూశాను. అత్తయ్య తన గొంతు తానే విని భయపడినట్టు కత్తిపీట ముందు అలాగే ఉండిపోయింది. ఫాదరుగారు లేవలేదు, లోపలికి తొంగి చూడలేదు. గుమ్మం వైపు చెవి పెట్టి, చాలా మర్యాదగా, మరి చూసేది ఎవరండీ అని అడిగారు. అత్తయ్య పడవవాడు అంది. ఎవరిని అన్నారాయన. రైతుని అంది. ఇంకో వాక్యం చెప్పారు, పలక లేకుండా, నోటితోనే. దానికీ చెప్పింది. అలా ఎన్ని వాక్యాలయ్యాయో నాకు తెలియదు. నేను స్తంభం పట్టుకుని ఇటూ అటూ చూస్తూ కూర్చున్నాను. అత్తయ్యకి ఇంత వచ్చని నాకు తెలియదు. ఆవిడ గొంతు అంత తేటగా ఉంటుందని కూడా తెలియదు. వంటింట్లో మాట్లాడే గొంతు వేరు.

తాతయ్య గొడుగు మడుస్తూ వచ్చేసరికి ఫాదరుగారు బల్ల మీద నుంచి లేచి నిలబడ్డారు. మీ అమ్మాయిగారికి ఇదంతా ఎవరు నేర్పారండీ అని అడిగారు. తాతయ్య కాళ్ళు కడుక్కోవడానికి చెంబు తీసుకుని, కడుక్కోకుండా అలాగే నిలబడ్డారు.

"నేనే నేర్పేను. నేనే మానిపించేను" అన్నారు.

తర్వాత చెంబులో నీళ్ళు కాళ్ళ మీద పోసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు పాఠం లేదు. తాతయ్య అలా తల వంచుకుని నడవడం నేను మొదటిసారి చూశాను. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియకుండానే.

మర్నాటి నుంచి లాటిను రోజున గడప లోపల ఒక పీట పడింది. ఎవరు వేశారో ఎవరూ అడగలేదు. అత్తయ్య దాని మీద కూర్చుని, చేతిలో ఏదో ఒక పని పెట్టుకుని, అడిగినప్పుడు జవాబు చెప్పేది. నాన్నమ్మ ఏమీ అనలేదు. లాటినే కదా. కానీ ఆవిడ కళ్ళు మాత్రం అత్తయ్య వెంటే తిరిగేవి, ఎక్కడైనా జ్వరం తగులుతుందేమో, ఏదైనా కబురు వస్తుందేమోనని. తాతయ్యకి చిన్న దగ్గు వచ్చినా ఆవిడ ముఖం పాలిపోయేది. నాన్నమ్మది మొండితనం అనుకునేదాన్ని అప్పట్లో. అది భయమని చాలాకాలానికి గానీ నాకు అర్థం కాలేదు. కూతురి బతుకు అలా ఎందుకయిందో ఆవిడకి ఒక కారణం కావాలి. దొరికిన కారణాన్ని వదిలితే ఇక చేతిలో ఏమీ మిగలదు.

ఏదీ కాలేదు. ఎవరికీ జ్వరం రాలేదు. వానలు తగ్గాయి, చేలు పొట్టకొచ్చాయి. అప్పుడు ఫాదరుగారికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వయసు మీరిన ఫాదర్లు ఉండే చోటు ఎక్కడో ఉందట, అక్కడికి వెళ్ళిపోవాలి.

చివరిరోజున ఆయన తన ప్రార్థన పుస్తకం తెచ్చారు. నల్ల అట్ట, అంచులకి ఎర్ర రంగు. తెల్లవారుజామున పాడుకునే పాట ఒకటి తీసి, పక్కన తెలుగు అక్షరాల్లో తాను రాసుకొచ్చింది చూపించి, అత్తయ్య చదివితే వినాలని ఉందని తాతయ్యని అడిగారు. అక్కడికి వెళ్ళాక లాటిను వినిపించేవాళ్ళు ఉండరండీ, ఇప్పుడు ఫాదర్లయ్యే కుర్రాళ్ళకి అది నేర్పడం లేదు అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నవ్వుతూనే ఉన్నారు. తాతయ్య గుమ్మం వైపు తిరిగి, చదువమ్మా అన్నారు. అన్నేళ్ళకి ఆయన కూతురితో ఆ మాట అన్నారు.

అత్తయ్య వెంటనే చదవలేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నోరు మూసుకుని కూర్చుంది. కళ్ళు ఒక్కో మాట చివరా ఆగుతున్నాయి. వేలు కిందికి వెళ్ళి క్రియని పట్టుకుని మళ్ళీ పైకి వచ్చింది. మేమందరం ఎదురుచూశాం, ఫాదరుగారు అందరికన్నా ఓపిగ్గా. అప్పుడు చదివింది. చదివిందని ఎందుకంటానులెండి, ఆవిడకి తెలిసింది మా ఇంటి స్వరమే కదా, ఆ స్వరంలోనే మొదలుపెట్టింది. గొంతు రెండో పాదానికి నిలదొక్కుకుని, తర్వాత ఇల్లంతా నిండిపోయింది. ఫాదరుగారు కళ్ళు మూసుకున్నారు. వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. నేను పరుగెత్తి చూస్తే పొయ్యి మీద అన్నం అడుగంటుతోంది. నాన్నమ్మ పక్కనే గరిటె పట్టుకుని నిలబడి ఉంది. దించడం లేదు. చెవులు అరుగు వైపే ఉన్నాయి, కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. నాన్నమ్మ చేతి అన్నం మాడటం నేను చూసింది ఆ ఒక్కరోజే.

ఫాదరుగారు వెళ్ళిపోయాక ఇల్లు మళ్ళీ మామూలుగా అయిపోయింది. గడప లోపల పీట గోడకి ఆనించేశారు. అత్తయ్య వంటింటి గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది, అదీ అవసరమైతేనే. నాకు కోపం వచ్చేది, ఎవరి మీదో తెలియదు. ఆ పక్షమంతా అలాగే గడిచింది.

ఒకరోజు దీపాలవేళ నాన్నమ్మ చింతపండు పిక్కలు తీస్తూ, నా వైపు చూడకుండా అడిగింది, ఈమధ్య లాటిను చెప్పుకోవడం లేదేమని. చెప్పేవాళ్ళు లేరుగా అన్నాను, ముఖం మాడ్చుకుని. మీ అత్తయ్య లేదా అంది. అత్తయ్య తలెత్తి చూసింది. నాన్నమ్మ చింతపండులోంచి తల ఎత్తలేదు.

పీట వేసుకుని కూర్చున్నాం. అత్తయ్య రోజా శబ్దం చెప్పించింది. కొత్త శబ్దం ఇంకొకటి చెప్పించింది. నాకేమో ఎన్నాళ్ళ నుంచో మనసులో నలుగుతున్న ప్రశ్న ఒకటుంది. ఇక ఆగలేక, అత్తయ్యా, మన దాంట్లో దీన్ని ఏమంటారు, అన్నయ్యలు చెప్పేది ఎలా మొదలవుతుందని అడిగేశాను. అడిగాక భయం వేసింది. అత్తయ్య వంటింటి వైపు చూసింది. అరుగు మీద తాతయ్య పడక్కుర్చీ చప్పుడు ఆగిపోయింది. అత్తయ్య పెదవులు మాత్రమే కదిలినంత చిన్నగా అంది. రామః, రామౌ, రామాః.

నేను రెండుసార్లు అన్నాను. అత్తయ్య రెండో విభక్తి చెప్పింది. నేను అన్నాను. మూడోది చెబుతుండగా నాన్నమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతులకి చింతపండు అలాగే ఉంది. అత్తయ్య ఆగిపోయింది.

"ఇదీ లాటినేనా?" అని అడిగింది నాన్నమ్మ.

పన్నెండో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి ఆవిడ. మామగారు, తర్వాత భర్త, ఆ తర్వాత కొడుకులు, మనవలు, ప్రతి పొద్దుటా ఆ అరుగు మీద ఇదే వల్లిస్తుంటే వింటూ పొయ్యి ముట్టించిన మనిషి. అత్తయ్య తల్లి ముఖంలోకి చూసింది.

"లాటినేనమ్మా" అంది అత్తయ్య.

"అలాగైతే గట్టిగా చెప్పు. నాకు లోపలికి వినపడట్లేదు."

అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అత్తయ్య గట్టిగానే చెప్పింది. మధ్యలో ఆగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ అందుకుని, ఏడు విభక్తులూ, సంబోధనతో సహా. అరుగు మీద తాతయ్య కూడా మెల్లిగా సంత అందుకున్నారని నాకు వినపడింది, శిష్యుడిలా, రెండేసి సార్లు.

తర్వాత ఎదురింటి మామ్మగారి మనవరాలు రానే వచ్చింది. దాని వెనక ఇంకో ఇద్దరు. కొన్నేళ్ళలో మా వీధి ఆడపిల్లలందరూ పొద్దున్నే తలలు దువ్వుకుని మా గడప దగ్గరికి చేరేవారు. అందులో ఇద్దరు తర్వాత బళ్ళలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు కూడా. అత్తయ్య అందరినీ నోరు మూయించి, తోకలు చూపించి, క్రియని పట్టించేది. తొడపాశం మాత్రం పెట్టేది కాదు. దారిన పోయేవాళ్ళు ఎవరైనా ఆగి, ఏమిటండీ ఈ పిల్లలు ఇంత పొద్దున్నే వల్లిస్తున్నారని అడిగితే, నాన్నమ్మ ముగ్గు వేస్తున్న చెయ్యి ఆపి నడుం నిలబెట్టుకుని, మా అమ్మాయి లాటిను చెబుతోందండీ అనేది. అడిగినవాళ్ళు ఆయ్ అని తలూపి వెళ్ళిపోయేవారు. ఆ పిల్లల్లో ఒక్కరికీ లాటిను ముక్క రాదు. నాన్నమ్మ ఉన్నంతకాలం మాలో ఎవరం దాని పేరు మార్చలేదు.